కార్డులో లేని మేనమామ

ఆ పెళ్ళి కార్డులో ఒక మనిషి తక్కువ. నేను చూశాను. రెండుసార్లు మళ్ళీ చదివి, నిజంగానే తక్కువని తేల్చుకుని, "బాగుంది బావా, అచ్చుకి పంపించెయ్" అని ఫోన్లో టైపు చేసి పంపాను. పొరపాటున చేసిన పని కాదది. తెలిసి చేశాను.

బావ అంటే చుట్టం కాదు. విజయనగరంలో కోట దగ్గర సందులో పెళ్ళి కార్డులు అచ్చువేసే దుకాణం అతనిది. అక్కడ పదిహేడేళ్ళు కంప్యూటర్ మీద కార్డులు కూర్చాను. మా వైపు కాస్త చనువున్న మగవాళ్ళంతా ఒకరికొకరు బావలే. నేను అతన్ని బావా అంటే, ఆ వరస ప్రకారం అతని కూతురు నన్ను మావా అనేది. బడి అయ్యాక దుకాణానికి వచ్చి, తండ్రి పని ముగిసేదాకా నా పక్క బల్ల మీద కూర్చుని, నా గ్రంథాలయం కార్డు మీద తెచ్చిన కథల పుస్తకాలు చదువుకునేది.

గ్రంథాలయం గురించి చెప్పకపోతే నా గురించి చెప్పినట్టు కాదు. నేను ఇంటర్ తప్పాను. మళ్ళీ కట్టలేదు. మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే గంటలో సగం తిండికి, సగం గ్రంథాలయానికి. మొదట వారపత్రికలు, తరవాత నవలలు, తరవాత ఎవరూ ముట్టని అడుగు అరల్లోని దుమ్ముపట్టిన పుస్తకాలు. నిఘంటువును కథలా అకారం నుంచి చివరిదాకా చదివాను. పాత కావ్యాలు టీకా తాత్పర్యాల సాయంతో, వ్యాకరణం ఎవరి సాయమూ లేకుండా. నా చదువుకు పట్టా లేదు. మూలలు అరిగిన సభ్యత్వ కార్డు మాత్రం ఉంది. పెద్ద పెద్ద ఉద్యోగస్థులు కూతురి పెళ్ళి పిలుపులో మొదటి వాక్యం ఎలా ఎత్తుకోవాలో తెలియక నా ముఖం చూసేవారు. ఆ చూపు అంటే నాకు ఇష్టం. ఇందులో దాచుకోవడానికేమీ లేదు.

కానీ కార్డులో కష్టమైన భాగం మొదటి వాక్యం కాదు, కింద ఉండే పేర్లు. ఎవరి పేరు ముందు, ఎవరిది తరవాత, ఎవరి పక్కన ఎవరు. అందుకే ఎవరింటి కార్డైనా మొదలుపెట్టే ముందు నేను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి.

"మీ ఇంట్లో అలిగేదెవరండీ?"

ముందు నవ్వేవారు. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పేవారు. పెద్ద తోడల్లుడి పేరు చిన్న తోడల్లుడి కింద పడితే మొదటి తాంబూలం దగ్గరే గొడవ. మేనత్త పేరు లేకపోతే ఆవిడ వస్తుంది, భోజనం చెయ్యదు. అవన్నీ పొడుగాటి నోటు పుస్తకంలో, ఇంటికో పేజీ చొప్పున, అలిగేవాళ్ళు, ఎవరి మీద అని రెండు గళ్ళు గీసి రాసుకునేవాణ్ణి. మా వైపు ఇంకో చిక్కు ఉంది. తాత పేరు ఒక్క మనవడితో తీరదు. అన్నదమ్ములిద్దరికీ అదే పేరు పెట్టి, ఇంట్లో పెద్దోడు, సిన్నోడు అని పిలుచుకుంటారు. రేషన్ కార్డులోనూ ఓటర్ల జాబితాలోనూ మాత్రం ఇద్దరిదీ అచ్చం ఒకే ఇంటిపేరు, ఒకే పేరు. కార్డు మీద వాళ్ళ పక్కన పెద అనో చిన అనో, ఊరి పేరో పెట్టి విడదీయడం నా పని.

కరోనా వచ్చి దుకాణం మూతపడినప్పుడు బావ నా కంప్యూటర్‌ని చీరల అట్టపెట్టెలో సర్ది, కూరగాయల వ్యాను మీద మా ఊరు పంపించాడు. మాది శ్రీముఖలింగం పక్కన, వంశధార ఒడ్డు. ఇంట్లో సిగ్నలు ఉండదు. మేడ మెట్ల మీద ఆరో మెట్టు దగ్గర ఉంటుంది. కంప్యూటర్ లోపల, నేను మెట్టు మీద. ఫోన్లో పేర్లు అడిగి రాసుకుని లోపలికెళ్ళి కూర్చేవాణ్ణి. "కూకున్న కాడ సేసేది కూడా పనేనేటిరా" అని మా అమ్మ వారం రోజులు నవ్వింది. దుకాణాలు తెరిచాక కూడా బావ నన్ను రమ్మనలేదు. ఇంటి నుంచే చెయ్యి, నీకూ సుఖం నాకూ సుఖం అన్నాడు. నాకూ బాగానే అనిపించింది. అద్దె గది వదిలేశాను. పని ఇంటికి వచ్చింది గానీ గ్రంథాలయం రాలేదు. ఆ లోటు ఒక్కటే అనుకున్నాను అప్పట్లో.

రెండో లోటు తరవాత తెలిసింది. ఎదురుగా ఉన్న మనిషిని పొమ్మనడానికి నోరు రావాలి. దూరంగా ఉన్నవాణ్ణి పొమ్మనడానికి వేలు చాలు.

ఒకరోజు పాత కార్డుల ఫైళ్ళన్నీ పంపమన్నాడు. కంప్యూటర్ పాడైతే పోతాయి, ఒక నకలు తన దగ్గర ఉండాలన్నాడు. మా సిగ్నలుకి అవి వెళ్ళడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ ఆరో మెట్టు మీద కూర్చుని, పదిహేడేళ్ళ నా రాతని నా చేత్తోనే పంపించాను. నేను కట్టిన వాక్యాలు, ఇంటింటికీ మార్చి రాసిన పిలుపులు, తాతలు పోయిన ఇళ్ళకి ఒక రకంగా, తల్లి ఒక్కతే పెంచిన పిల్లలకి ఇంకో రకంగా రాసినవి, అన్నీ.

నెల తిరిగాక వీడియో కాల్ చేశాడు. దుకాణంలో అందరూ అతని వెనక నిలబడి ఉన్నారు. కార్డులు మడతపెట్టే పెద్దాయన కూడా.

"ఏటోయ్ పండితుడా, ఇది ఇను" అని ఒక కార్డు చదివాడు. "'మా ఇంటి గడప మీ అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంది.' ఎలాగున్నాది?"

ఆ వాక్యం నాది. ఎస్.కోట వైపు ఒక రైతు కూతురి పెళ్ళికి, మూడు రోజులు గ్రంథాలయంలో కూర్చుని, పనికిరాని ముప్పై వాక్యాలు కొట్టేశాక వచ్చింది. నాదే బావా అన్నాను. అతను పగలబడి నవ్వాడు.

"నీదేటి? ఇది మిషను రాసింది. ఏఐ. నువ్వు మూడు రోజులు బుర్ర గోక్కుని రాసింది అది టీ సల్లారేలోపు రాసేస్తాది. మద్దేనం పూట అడిగినా ఇసుక్కోదు, నాకు పుస్తకాలు తిరగెయ్యాల అనదు."

వెనకవాళ్ళు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.  నేను పెట్టిన ఫైళ్ళు తిని నా మాటలే కక్కిందని చెప్పే తెలివి నాకు ఉంది. చెప్పే నోరు ఆ రోజు రాలేదు. అప్పటి నుంచి నా పని 'చూడడం'. మిషను రాసింది నేను చూసి, తప్పుంటే దిద్దాలి. తరవాత అదీ తగ్గింది. ఒక ఉదయం దుకాణం వాట్సాప్ గ్రూపు తెరిస్తే, అతను నన్ను తొలగించాడని ఒక బూడిదరంగు వాక్యం కనపడింది. పదిహేడేళ్ళకి ఆ ఒక్క వాక్యం. అదీ మిషను రాసిందే.

పగ గురించి పుస్తకాల్లో చాలా చదివాను. శపథాలు, పద్దెనిమిది రోజుల యుద్ధాలు. నా పగకి అంత హంగు లేదు. ఊళ్ళోవాళ్ళకి పింఛను దరఖాస్తులు నింపి పెడుతూ, ఆరో మెట్టు మీద కూర్చుని, ఆ నవ్వును రోజుకోసారి గుర్తుచేసుకునేవాణ్ణి. మరిచిపోతానేమోనని భయం. బజారులో కొత్త కార్డు ఎవరి చేతిలో కనపడినా అడిగి తీసుకుని చదివేవాణ్ణి. నాలుగింట మూడు కార్డుల్లో గడప చెవి ఒగ్గే ఉంది. తండ్రి పోయిన ఇంట్లోనూ అదే గడప, రెండో పెళ్ళికీ అదే గడప. వాక్యాన్ని దొంగిలించడం ఒక ఎత్తు. దాన్ని అలా అరగదీసి చంపడం ఇంకో ఎత్తు. రెండింటికీ కలిపి లెక్క తేలాలనుకున్నాను.

ఏడాది గడిచాక ఆ ఫైలు వచ్చింది. "మా అమ్మాయి పెళ్ళి కార్డు. మొత్తం మిషనే సేసింది. ఓపాలి సూడు పండితుడా." చూపించుకోవడానికి పంపాడు తప్ప చూడడానికి కాదు. నెమళ్ళు, ఏనుగులు, బంగారు రంగు ముగ్గు. మొదటి వాక్యం గడపే. కూతురి పెళ్ళికి కూడా నా వాక్యమే వాడుకున్నాడు, నా పేరు తలుచుకోకుండా.

కింద పేర్ల దగ్గరికి వచ్చాను. మేనమామల స్థానంలో ఒకే పేరు, పక్కన మాజీ సర్పంచ్ అని. ఆ ఇంటి పేజీ నా పుస్తకంలో ఉంది, గృహప్రవేశం కార్డు నేనే కూర్చాను కాబట్టి. బావ భార్యకి ఇద్దరు సోదరులు. ఇద్దరిదీ తాత పేరే. పెద్దవాడు మాజీ సర్పంచ్. చిన్నవాడికి నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పని, పేరు పక్కన రాసుకోవడానికి ఏమీ లేదు. ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. బావ పేర్లన్నీ వరసగా చెప్పి ఉంటాడు. ఒకే ఇంటిపేరుతో ఒకే పేరు రెండుసార్లు వచ్చేసరికి, మిషను దాన్ని పొరపాటనుకుని ఒకటి తీసేసి కార్డును శుభ్రం చేసింది. బావ కళ్ళు ఏనుగుల మీద ఉన్నాయి. బామ్మర్ది పేరు ఉందా, ఉంది, అనుకుని దాటిపోయాడు. మిషనుకి అడగాల్సిన ప్రశ్న తెలియదు. అడగాలని అతనికి తెలిసీ అడగలేదు.

ఆ అమ్మాయికి రెండేళ్ళ వయసులో తల్లికి జబ్బు చేస్తే, రెండేళ్ళు నౌపడలో చిన్న మేనమామ ఇంట్లోనే పెరిగింది. ఉప్పు మడుల గట్ల మీద భుజాన ఎక్కించుకుని తిప్పేవాడని తనే నాకు చెప్పింది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. తనని మోసేది ఎవరో ఆ పిల్ల పదేళ్ళప్పుడే నిర్ణయించుకుంది.

ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. ఆ అమ్మాయి గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా, బాగుంది బావా, అచ్చుకి పంపించెయ్ అని రాసి పంపాను. ఆ పూట అన్నం రుచిగా ఉంది.

తరవాత సంగతి మడతలు పెట్టే పెద్దాయన ఫోన్ చేసి చెప్పాడు. బావ భార్య పసుపు కుంకుమలతో, తాంబూలంతో నౌపడ వెళ్ళి తమ్ముడి చేతిలో కార్డు పెట్టింది. ఆమెకి చదువు అంతంతమాత్రం. అతను నిలబడే మొత్తం చదివాడట. చదివి, ఇందులో నాను ఎక్కడున్నాను అక్కా అని అడిగాడట. ఆమె పేరు చూపించింది. అది అన్నయ్య పేరు, నాను సర్పంచ్ ఎప్పుడయ్యేను అన్నాడు. కార్డుని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. ఆ పిల్ల కోసం అప్పటికే మేదరి వాళ్ళ చేత కొత్త గంప అల్లించి, రంగులు వేయించి అటక మీద పెట్టుకున్నాడు. దాన్ని కిందికి దించి అక్క ముందు పెట్టి, "గంప పట్టుకెల్లు. మోసేవోల్లని మీరే సూసుకోండి" అన్నాడు.

బావ ఫోన్ చేసి, తప్పు నాది కాదు, మిషను చేసిందని చెప్పాడు. దానికి బామ్మర్ది ఇచ్చిన జవాబు దుకాణంలో అందరూ విన్నారట, స్పీకర్‌లో.

"మిషను మరిసిపోతే మరిసిపోయింది. నువ్వు కూడా మరిసిపోయేవేటి బావా?"

ఆ మాట విని నేను మెట్టు మీద ఒక్కణ్ణే నవ్వాను. నేను ఏడాదిగా వెతుకుతున్న మాట ఉప్పు మడుల్లో పనిచేసే మనిషి నోట ఎంత సులువుగా వచ్చిందో. ఇంకా ఉంది. బావ మిషను చేత క్షమాపణ ఉత్తరం రాయించి వాట్సాప్‌లో పంపాడట. అందులోనూ గడప చెవి ఒగ్గింది. నౌపడలో అప్పటికే ఆ గడపను పది కార్డుల్లో చూశారు. బామ్మర్ది బావ నంబరు బ్లాక్ చేశాడు.

పెళ్ళికి నాలుగు రోజులుందనగా బావ మా ఇంటికి వచ్చాడు. శ్రీకాకుళంలో బస్సు మారి, గుడి దగ్గర దిగి, ఎండలో నడుచుకుంటూ. మా ఊరు అతను రావడం అదే మొదటిసారి. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. మా అమ్మ మంచినీళ్ళిచ్చి పెరట్లోకి వెళ్ళింది. నేను అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నోటు పుస్తకం తీసి, కొత్త గిరాకీ ఎవరైనా వస్తే కూర్చున్నట్టే ఎదురుగా కూర్చున్నాను.

"సెప్పండి. మీ ఇంట్లో అలిగేదెవరు?"

"ఆటలాడకోయ్" అన్నాడు.  పిల్ల తిండి మానేసిందని, చిన్న మావ మొయ్యకపోతే తను నడిచే మండపానికి వస్తాను, గంప ఎక్కను అంటోందని చెప్పాడు. నీ రాత అంటే మా బామ్మర్దికి గురి, గృహప్రవేశం కార్డు ఇప్పటికీ దాచుకున్నాడు, అతనికోసం ఒక్క కార్డు రాసిపెట్టు, నీ చేత్తో, అన్నాడు. దుకాణానికి తిరిగి వచ్చెయ్, గ్రూపులో పెడతాను అని కూడా అన్నాడు.

"మీకు బామ్మర్దులు ఎంతమంది?" అన్నాను.

"ఇద్దరు."

"పేర్లు సెప్పండి."

చెప్పాడు. ఒకే పేరు రెండుసార్లు. రెండోసారి చెప్పేటప్పుడు తల వంచుకున్నాడు. నేను రెండూ నెమ్మదిగా రాసుకున్నాను. నాకు తెలియనివి కావు. అతను చెప్పాలి, నేను వినాలి.

"ఆ గడప వాక్యం ఎవరిది బావా?"

అతను పెరటి వైపు చూశాడు. అమ్మ అక్కడే ఉంది. "నీదే" అన్నాడు.

"మా అమ్మకి ఇనపడలేదు."

"నీదేనోయ్. నువ్వు రాసిందే. నీ ఫైల్లన్నీ దానికి ఏసేను, అది నీది తీసి నాకిచ్చింది. సాలా?"

చాలలేదు. కానీ అంతకంటే ఏమి అడగాలో కూడా తెలియలేదు. దుకాణానికి రానన్నాను. నా పుస్తకం వైపు చూపించి, దీని ఫోటో కూడా నీకు దొరకదు, ఇందులో ఉన్నది నీ మిషనుకి ఎప్పటికీ తెలియదు అన్నాను. అతను ఆ పుస్తకం వైపు, ఆకలేసిన మనిషి వంటింటి వైపు చూసినట్టు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. గుర్తుచేసుకున్నప్పుడల్లా బాగుంటుంది.

కార్డు రాశాను. దళసరి కాగితం మీద, నల్ల సిరాతో, నా చేత్తో. గడప లేదు, కావ్యాల మాటలు లేవు. మీ భుజం మీద పెరిగిన పిల్ల, మీ గంపలోనే మండపానికి రావాలని కూర్చుంది, వచ్చి తీసుకెళ్ళండి అని రాశాను. మేనమామల్లో అతని పేరు ముందు పెట్టాను. చిన అనీ, నౌపడ అనీ పక్కన చేర్చాను. అది పట్టుకుని బావ అటునుంచి అటే నౌపడ వెళ్ళాడు. నేను ఫైలు చూసి ఊరుకున్న సంగతి అతను అడగలేదు. అంత చిన్న తప్పు నా కంట పడి ఉంటుందని అతనికి తోచను కూడా లేదు. నన్ను ఎంత తక్కువగా అంచనా వేశాడో అందులోనూ తెలిసింది.

పెళ్ళికి వెళ్ళాను. ఉప్పులో నల్లబడిన ఆ చేతులు గంపను పైకెత్తడం చూశాను. అతను మేనకోడల్ని మండపంలో దింపి, బావతో ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. మీ ఉత్తరం లేకపోతే రాకపోదును మాస్టారూ అన్నాడు. నాకు గర్వంగా ఉంది. బావ విందు దగ్గర అటూ ఇటూ తిరుగుతూ మా ఇద్దరి వైపు చూస్తున్నాడు. అంతా నేను అనుకున్నట్టే తీరింది.

అక్షింతలు వెయ్యడానికి వరసలో నిలబడి, నా వంతు వచ్చి, వంగాను. అమ్మాయి తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినపడేలా అంది.

"మావా, నాన్న ఫోన్లో సూసేను. బాగుంది, పంపించెయ్ అన్నావు. నువ్వు సూడలేదేటి?"

నా దగ్గర చదువుకున్న పిల్ల. నా కళ్ళ నుంచి పేరు తప్పిపోదని తండ్రికి తెలియకపోయినా తనకి తెలుసు.

"సూసేనమ్మా" అన్నాను.

"నాన్న మీద కోపానికి నా గంప ఎందుకు మావా?"

వెనకవాళ్ళు తోస్తున్నారు. చేతిలో ఉన్న అక్షింతలు వేసి దిగిపోయాను.  

బావ మీద నాకు ఇవాళ్టికీ జాలి లేదు. మళ్ళీ ఆ ఫైలు వచ్చినా ఏం చేస్తానో ఒట్టేసి చెప్పలేను. ఇప్పుడు మా ఇంటి నుంచే సొంతంగా కార్డులు రాస్తున్నాను. నౌపడ నుంచి, పలాస నుంచి ఫోన్లు వస్తాయి. ఆరో మెట్టు మీద కూర్చుని ముందుగా ఆ ప్రశ్నే అడుగుతాను.

పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడు నోటు పుస్తకంలో ఆ ఇంటి పేజీ తీశాను. అలిగేవాళ్ళు అన్న చోట అప్పటికి చిన్న మేనమామ పేరు ఒక్కటే ఉంది. దాని కింద పెళ్ళికూతురి పేరు రాశాను. ఎవరి మీద అన్న చోట నా పేరు రాసుకున్నాను.